చీకట్లో పలికిన ఐదో నంబర్ ట్యూబ్

దయ్యం అనే మాట వింటే నాకు భయం కన్నా ముందు ఆవలింత వస్తుంది. రాయగడలో మేం అద్దెకుండే ఇంట్లో అంతకుముందు చనిపోయిన ముసలాయన తిరుగుతుంటాడని ఇంటి ఓనరే మాకు చెప్పాడు. తిరిగితే తిరగనీ, వచ్చేటప్పుడు ఒక పాల ప్యాకెట్ పట్టుకు రమ్మనండి అన్నాను. పన్నెండేళ్ళయింది. ఇంతవరకు ఒక్క ప్యాకెట్ రాలేదు.

అలాంటివాణ్ణి నేను. ఇది చదివి మీరు నవ్వితే తప్పు పట్టను. వేరే ఎవరైనా రాసి ఉంటే నేనూ నవ్వేవాణ్ణి. కానీ నవ్వినంత మాత్రాన ఇందులో ఒక్క ముక్క వెనక్కి తీసుకుంటానని మాత్రం అనుకోకండి.

నా పేరు తవిటయ్య. మా వాళ్ళది శ్రీకాకుళం వైపు. తాతల నాడే గుణుపురం పక్కకి వ్యవసాయానికి వచ్చి ఉండిపోయారు. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ పడలేదు. ఇద్దరిలో ఎవరో ఒకరు బడి మానాలి. ఆయనకి పెళ్ళాం పిల్లలున్నారు కదా అని నేనే మానేశాను. తర్వాత విశాఖపట్నంలో ఒక మెకానిక్ దగ్గర చేరి, ల్యాబుల్లో వాడే మెషిన్లు బాగుచెయ్యడం నేర్చుకున్నాను. ఇప్పుడు రాయగడ నుంచి కోరాపుట్ దాకా ఏ ల్యాబ్‌లో మెషిన్ మొరాయించినా నా సంచీ వేసుకుని రైలెక్కుతాను. కకిరిగుమ్మ స్టేషన్‌లో టీ అమ్మేవాడికి నేను డాక్టర్నని చెప్పాను. ఇప్పటికీ మోకాళ్ళ నొప్పి చూపిస్తుంటాడు.

సెమిలిగుడ దాటాక ఒక చిన్న పోత కర్మాగారం ఉంది. దాని పేరు ఇక్కడ అనవసరం. పాత అల్యూమినియం తుక్కు కరిగించి దిమ్మలు పోస్తారు. దిమ్మలో ఇనుమెంత, రాగెంత, సిలికానెంత అని చూశాకే లారీకి ఎక్కిస్తారు.

చూసే పద్ధతి చెప్తాను, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. దిమ్మలోంచి బిళ్ళంత ముక్క కోసి, మెషిన్‌లో పెట్టి, దాని మీద కరెంటు నిప్పురవ్వ కొడతారు. ఆ వెలుగు లోపలికి వెళ్ళి రంగు రంగు గీతలుగా విడిపోతుంది. ఇనుముకి దాని గీత, రాగికి దాని గీత. ఒక్కో గీత దగ్గర ఒక్కో గాజు ట్యూబ్ కాపలా ఉంటుంది. ఇది మన ఇంటి ట్యూబ్‌లైట్ లాంటిది కాదు, దానికి తిరగేసిన బాపతు. అది వెలుగిస్తుంది, ఇది వెలుగు తింటుంది. ఎంత వెలుగు పడితే అంత కరెంటు బయటికిస్తుంది. ఆ కరెంటును బట్టే ముక్కలో ఏది ఎంత ఉందో చెప్తారు.

ఆ మెషిన్‌లో ఎనిమిది ట్యూబులు. ఐదో నంబర్‌ది ఇనుము గీత.

ఇప్పుడు ట్యూబుల కాలం పోతోంది. గోరంత చిప్ వచ్చింది, అన్ని రంగులూ అదొక్కటే చూస్తుంది. ట్యూబులు ఇంకా పనికొస్తాయా, చిప్ పెట్టించాలా అని తేల్చడానికి నన్ను పిలిచారు. మెషిన్‌లో ఉన్న ఎనిమిదీ, పాడైందని ఎప్పుడో తీసి స్టోర్‌లో పడేసిన పాత ఐదోదీ, మొత్తం తొమ్మిదింటికీ పరీక్ష పెట్టి రిపోర్టు రాయమన్నారు. బడి మానేసినవాడు పరీక్షలు పెట్టడం మా వృత్తిలోనే చూస్తారు.

ల్యాబ్‌లో కెమిస్టు గౌరి అనే అమ్మాయి. పాతికేళ్ళుంటాయి. ఆమె నాన్న సింహాచలం గారు అదే ల్యాబ్‌లో ఇరవై ఏళ్ళు పనిచేసి చనిపోయారని నాకు అక్కడికి వెళ్ళాకే తెలిసింది. ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన ఉన్నప్పుడు ఆ ల్యాబ్ మెషిన్లు చూసే మనిషి వేరు. ఈ మాట గుర్తుంచుకోండి.

మొదటిరోజు టీ దగ్గర గౌరి సంగతి చెప్పింది. నాలుగేళ్ళ కిందట సింహాచలం గారు ఒక లాటు దిమ్మల్లో ఇనుము ఎక్కువుందని రాసి లారీ ఆపేశారు. పైవాళ్ళకి కోపం వచ్చింది. ఆ దిమ్మలు మళ్ళీ కరిగించేశారు. ఆ తర్వాత రిపేర్ల పుస్తకం తిరగేస్తే, ఐదో ట్యూబ్ చచ్చిపోయిందని రెండు రోజుల ముందే ఎవరో రాసి ఉన్నారు. చచ్చిన ట్యూబ్‌తో ఇనుము ఎలా కొలిచావయ్యా అని అడిగారు. అది పలికిందనే ఆయన అన్నారు. కొలవకుండా కూర్చుని రాసేశాడని తేల్చి, ఫలితాల రిజిస్టర్‌లో ఆయన రాసిన వరుస మీద ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి, పక్కన ‘కొలవనిది’ అని రాశారు. ఆయన్ని ఇంటికి పంపేశారు. ఏడాది తిరక్కుండా పోయారు. తిరిగి చూద్దామంటే ఆ దిమ్మల ముక్క ఒక్కటీ మిగల్లేదు.

ఆ రిజిస్టర్ గౌరి కూర్చునే స్టూలుకి ఎదురుగా అరలో ఉంటుంది. డిగ్రీ చదివి వేరే ఎక్కడా కాకుండా ఇక్కడే ఎందుకు చేరావమ్మీ అని అడిగాను. తను తిరిగి నన్నే ఒక మాట అడిగింది.

“పాత ఐదోది నిజింగా సచ్చిపోనాదో నేదో సూసి సెప్పు బాబాయ్. ఏదైనా పర్నేదు. మా నాన్న అబద్ధం రాసీసినాడా అన్నదొక్కటీ తేలాల నాకు.”

నేను నవ్వులాటలోకి దించబోయాను. ట్యూబులు సాక్ష్యం చెప్పడం మొదలుపెడితే కోర్టుల్లో లాయర్లందరూ నా కాళ్ళమీద పడతారు అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. సరే చూస్తానని మాటిచ్చాను.

ఈ ట్యూబులతో కొత్తవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. పగటి వెలుగులో బయటికి తీసి అప్పటికప్పుడు పరీక్ష పెడతారు. వెలుగు చూసిన ట్యూబ్ తాగినవాడిలా ఉంటుంది. చీకట్లో పెట్టినా గంటల తరబడి ఏదో ఒకటి వాగుతుంది. అందుకని తొమ్మిదింటినీ తలుపేసి, చిన్న ఎర్ర దీపం కింద నల్ల కాగితం చుట్టి, రేకు డబ్బాలో పెట్టి తాళం వేశాను. ఒక రోజంతా అలాగే ఉంచాను. తాళంచెవి నా మొలతాడుకే ఉంది.

మర్నాడు ముక్కలు సాన పట్టే గదిలో సామాను పెట్టుకున్నాను. ఆ గదికి కిటికీ లేదు. తలుపుకి రెండు మడతల నల్లగుడ్డ కట్టాను. పరీక్ష పెట్టె నేనే చేసుకున్నది, లోపలంతా నల్ల రంగు. ఒక పక్క ట్యూబ్, ఇంకో పక్క చిన్న దీపం, మధ్యలో వెలుగుని ఆపే రేకు మూత. ట్యూబ్‌కి వెయ్యి వోల్టుల దాకా ఇవ్వాలి, దానికొక డబ్బా. ట్యూబ్ ఇచ్చే కరెంటుని కాగితం మీద పెన్నుతో గీసే పాత రికార్డర్ ఒకటి. కాగితం తనంతట తాను జరుగుతుంటుంది. వెలుగు లేకపోతే తిన్నని గీత, వెలుగు పడితే మెట్టులా పైకి లేస్తుంది. అంతే.

ఎనిమిది ట్యూబులు మధ్యాహ్నం భోజనాల వేళకి అయిపోయాయి. ఆరు బాగున్నాయి. ఒకటి మసకబారింది. ఇంకొకటి చీకట్లో కూడా గొణుగుతోంది, మా అత్తగారిలాగా. భోజనం చేసి వచ్చి పాత ఐదోది పెట్టాను. గౌరి కొత్త పోత ముక్క తేవడానికి కొలిమి దగ్గరికి వెళ్ళింది. గదిలో నేనొక్కణ్ణే.

దీపం వేశాను. మూత తీశాను. గీత కదల్లేదు. వోల్టులు పెంచాను. కదల్లేదు. తీగలు మార్చాను, మంచి ట్యూబ్ పెట్టి చూశాను, అది భేషుగ్గా పలికింది. మళ్ళీ ఐదోది పెట్టాను. రాయి. దీపం ఇంకా దగ్గరికి జరిపాను. రాయిని అడిగినట్టే ఉంది.

‘దీపానికి పలకలేదు’ అని రిపోర్టులో రాశాను. గౌరికి ఏం చెప్పాలా అని ఆలోచించాను. ఆ క్షణాన నాకు తట్టిన జోకు ఒక్కటీ లేదు. అది నా జీవితంలో అరుదు.

కాగితం మీద ఇంకో గడి మిగిలింది. చీకట్లో ఎంత ఇస్తుందో కూడా రాయాలి. చచ్చినదానికి చీకటేమిటి, వెలుగేమిటి, అయినా గడి ఖాళీగా ఉంచడం నాకు ఇష్టం ఉండదు. దీపం ఆర్పి, ప్లగ్గు పీకేశాను. మూత వేశాను. పెట్టె మీద ఇంకో నల్లగుడ్డ కప్పాను. రికార్డర్ నడవనిచ్చి, నా ఫ్లాస్కులోంచి టీ వంచుకున్నాను. మధ్యాహ్నం రెండుంబావు. దయ్యాలకి డ్యూటీ టైం కాదు.

పెన్ను లేచింది.

చిన్న మెట్టు. పది సెకన్లుండి దిగిపోయింది. దీపం ముట్టుకుని చూశాను, ప్లగ్గు లేదు, గాజు చల్లబడిపోతోంది. మళ్ళీ లేచింది. ఈసారి మొదటిదానికి రెట్టింపు. అదే పది సెకన్లు, దిగింది. తలుపు గుడ్డ చూశాను, పెట్టె గుడ్డ చూశాను. ఎక్కడా సందు లేదు. మూడోది లేచింది. రెండోదానితో సమానంగా.

ఇప్పుడు వోల్టుల డబ్బా ప్లగ్గు లాగేశాను. దాని మీద ముల్లు మెల్లగా సున్నాకి వచ్చి ఆగేదాకా చూశాను. వోల్టులు లేకపోతే ఎంత మంచి ట్యూబైనా సరే గాజు సీసాతో సమానం. ఇందులో వాదన లేదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడికి కూడా తెలిసిన విషయం. గీత తిన్నగా నడిచింది. పావు నిమిషం. అర నిమిషం. చూశావా, కరెంటులో ఏదో దోషం, అదే సంగతి, అనుకుని గ్లాసు తీసుకున్నాను.

నాలుగోది లేచింది. రెండో మూడో మెట్లతో సమానంగా. పది సెకన్లు. ప్లగ్గు నా ఎడమచేతిలో ఉంది.

నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరితో వేళాకోళమాడేవాణ్ణి నేను. నా సామాను నాతో వేళాకోళమాడటమేమిటి? రికార్డర్ విప్పాను, మళ్ళీ బిగించాను. అన్నీ మళ్ళీ మొదట్నుంచి పెట్టాను. దీపానికి పలకలేదు. చీకట్లో పలకలేదు. వోల్టులిచ్చినా లేదు, తీసినా లేదు. ఐదుగంటల దాకా గీత తిన్నగానే నడిచింది.

ఈలోగా గౌరి వచ్చింది. నేనేమీ చెప్పలేదు. ఆమె చేతిలో పటకారు, దాని కొసన ఇంకా వేడిగా ఉన్న ముక్క. బల్ల మీద పడి ఉన్న కాగితం చూసింది. ముక్క ఇసుక తొట్టిలో పెట్టి, చేతులు తుడుచుకుని వచ్చి మళ్ళీ చూసింది.

“ఎవరు కొట్టీసినారు బాబాయ్ ఇది?”

ఎవరూ కొట్టలేదన్నాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. వేలితో మెట్లు ఒక్కొక్కటీ చూపిస్తూ నెమ్మదిగా చెప్పింది. ముక్క మీద నిప్పురవ్వ కొట్టేటప్పుడు ఎవరైనా మూడుసార్లు కొట్టి సరాసరి తీస్తారు. ఆమెకీ అలాగే నేర్పారు. వాళ్ళ నాన్న ఒక్కడే నాలుగుసార్లు కొట్టేవాడు. మొదటిసారి ముక్క మీద చేతి జిడ్డు, మసి ఉంటాయని, దాన్ని లెక్కలో వేసేవాడు కాదు. అది ఎప్పుడూ తక్కువే వచ్చేది. ఇక నాలుగోది కొట్టేముందు ముక్క బయటికి తీసి, అటు ఇటు తిప్పి, భుజం మీది తువ్వాలుతో తుడిచి పెట్టేవాడు. అక్కడ కాస్త ఆలస్యమయ్యేది. చిన్నప్పుడు తను క్యారేజీ తెచ్చి, ఆ నాలుగోది అయ్యేదాకా తలుపు దగ్గర నిలబడేదట. అది అయితేగాని ఆయన అన్నానికి లేచేవాడు కాదు.

“టైమ్ ఏస్టని అందరూ ఏలాకోలం సేసీవోరు. నాలుగోది తిప్పి కొడితేగాని నాను సంతకం ఎట్టనని అనీవోడు.”

నేను మళ్ళీ కాగితం వైపు చూశాను. మొదటిది చిన్నది. తర్వాత మూడు సమానం. మూడో నాలుగో మెట్ల మధ్య అర నిమిషానికి పైనే ఎడం. ఈ విషయం నాకు ముందు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నా బుర్రే ఏదో కల్పించిందని నేనే ముందుగా అనేవాణ్ణి. బుర్ర కల్పించవచ్చు గాని, రికార్డర్ పెన్నుకి బుర్ర లేదు.

గౌరి పాత పట్టిక తీసి, మెట్టు ఎత్తును బట్టి ఇనుము ఎంతో లెక్కకడదామంది. వాళ్ళ నాన్న రాసిన అంకె వస్తుందో లేదో చూద్దామని. వద్దన్నాను. ఆ పట్టిక నాలుగేళ్ళ నాటిది, మెషిన్‌లో పెట్టిన ట్యూబ్‌కి చేసినది. దాన్ని పట్టుకుని ఈ గీతతో లెక్కకడితే మనకి ఏ అంకె కావాలో ఆ అంకే వస్తుంది. అమ్మీ, అలా వచ్చిన అంకె రాస్తే ఈసారి నిజంగానే కొలవనిది రాసినట్టవుతుంది అన్నాను. ఆ పిల్ల పట్టిక మూసేసింది.

రిపోర్టులో నేను రాసింది ఇది: పాత ఐదో నంబర్: దీపానికి పలకలేదు. చీకట్లో నాలుగుసార్లు పలికింది. నాలుగోసారి వోల్టులు లేవు. కారణం తెలియదు. కింద సంతకం పెట్టాను.

మర్నాడు ల్యాబ్ ఇన్‌ఛార్జి సారు పిలిచాడు. హిందీలో మాట్లాడాడు, నేను నా హిందీలో జవాబు చెప్పాను, నా హిందీకి వ్యాకరణం లేదు గాని రోషముంది. పైన పలకలేదంటావు, కింద పలికిందంటావు, ఏదో ఒకటి కొట్టెయ్యి అన్నాడు. రెండూ నిజమే సార్, రెండూ ఉంటాయన్నాను. పోనీ కింద ‘నాయిస్’ అని రాయమన్నాడు. అంటే బయటి నుంచి వచ్చిన అనవసరపు అలజడి అని. అలాగే రాస్తాను సార్, ఆ నాయిస్ ఎక్కణ్ణుంచి వచ్చిందో మీరు రాసి పక్కన సంతకం పెట్టండి అన్నాను. ఆయన పెన్ను ముట్టుకోలేదు.

అప్పుడు తట్టింది నాకు. చచ్చిందని రాసి ఉన్న ట్యూబ్ పలికిందని చెప్పే మనిషి, కుదరదు కొట్టెయ్యమనే బల్ల. నాలుగేళ్ళ కిందట సరిగ్గా ఇక్కడే ఒకాయన నిలబడ్డాడు. ఆయన మాట నేను మొన్న టీ తాగుతూ విని జోకేశాను. ఆయన ట్యూబ్ నిజంగా ఏం పలికిందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ పలకనిదాన్ని పలికిందని ఒక మనిషి ఊరికే రాయడని మాత్రం ఆ బల్ల ముందు నిలబడ్డాక తెలిసింది.

కొట్టెయ్యనన్నాను. చిప్ బిగించే పని నీ చేతికి రాదన్నాడు. రాకపోతే రాకపోనీ అన్నాను. రాలేదు. బయటినుంచి వేరేవాళ్ళు వచ్చి బిగించారు. పాత ట్యూబులన్నీ తుక్కులో పోయాయి, ఐదోదీ అందులోనే.

తర్వాత తెలిసినవాళ్ళని అడగకపోలేదు. విశాఖపట్నంలో నాకన్నా చదువుకున్న మెకానిక్కులున్నారు. ఒకాయన పక్కన వెల్డింగ్ చేస్తుంటే అలా వస్తుందన్నాడు. ఆ రోజు వెల్డింగ్ లేదు. అయినా రాయగడలో నా షెడ్డులో సామాను పెట్టి, పక్కనే పూటంతా వెల్డింగ్ చేయించాను. వచ్చాయి మెట్లు, ముళ్ళకంపలా, పదీ పాతికా. ఆ తీరు నాలుగు మాత్రం రాలేదు. ఇంకొకాయన ఆకాశంలోంచి వచ్చే కిరణాలన్నాడు. ఆకాశం ముక్కని తిప్పి, తువ్వాలుతో తుడిచి కొడుతుందా బాబూ అని అడిగాను. ఫోన్ పెట్టేశాడు. మూడో ఆయన, నువ్వు టీలో ఏం కలుపుకున్నావన్నాడు. ఇది నా బాపతు జోకు కాబట్టి ఊరుకున్నాను.

నెల తర్వాత గౌరి ఫోన్ చేసింది. నా రిపోర్టు నకలు తీసి, రిజిస్టర్‌లో వాళ్ళ నాన్న వరుస పక్కన, ఎర్ర గీతకి ఆనించి జిగురుతో అంటించిందట. ఇన్‌ఛార్జి సారు చూసి పీకెయ్యమన్నాడట. ఆ పిల్ల పీకలేదు. మీరే పీకి, పీకానని కింద రాయండి సార్ అందట. సారు రిజిస్టర్ మూసి అరలో పెట్టేశాడట. అది ఇంకా ఉంది.

“ఇప్పుడు ఎదురుగా కూకుంటే నాన్న రాసినాది సదవగల్గుతున్నాను బాబాయ్.”

ఆ మాట చెప్పి ఫోన్ పెట్టేసింది.

గీత ఉన్న అసలు కాగితం నా దగ్గరుంది. చూడాలన్నవాళ్ళకి చూపిస్తాను, చదువుకున్నవాళ్ళకి ముందు చూపిస్తాను. నాకు దయ్యాల మీద నమ్మకం ఇప్పటికీ లేదు. సింహాచలం గారు వచ్చి కొట్టారని నేను అనను. ఎవరూ కొట్టలేదని అనడానికీ నాకు ఆధారం లేదు. ఆ మధ్యాహ్నం ఆ పెట్టెలో వెలుగు లేదు, చివర్లో వోల్టులూ లేవు, నాలుగు మెట్లు ఉన్నాయి. అది ఏమిటని అడిగితే నాకు తెలియదు. జరగలేదని మాత్రం నా చేత రాయించలేరు.